యోసెమిటీ లోయ చిత్రము చెప్పు సాక్ష్యము

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున, సియెర్రా నెవడా పర్వతముల నడుమ యోసెమిటీ అను లోయ కలదు. 1863లో ఆల్బర్ట్ బీర్‌స్టాట్ అను చిత్రకారుడు ఆ లోయకు పోయి, అచ్చట చిన్న చిన్న నమూనా చిత్రములను వ్రాసికొనెను. న్యూయార్కునకు తిరిగివచ్చిన పిమ్మట, 1865లో సుమారు 8 అడుగుల వెడల్పు, 5 అడుగులకు మించిన ఎత్తు గల తైలవర్ణ చిత్రమును పూర్తిచేసెను. నేడది అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్ కళాప్రదర్శనశాలలో ఉన్నది. ఈ చిత్రమును ఆ లోయకు సాక్షిగా నమ్మవచ్చునా? ఏ సాక్షినైనను ప్రశ్నించియే నమ్మవలెను గదా!

చిత్రములో సూర్యుడు పడమట వ్రాలుచున్నాడు. దగ్గరి చెట్లు ముదురు రంగులతో స్పష్టముగా ఉన్నవి. దూరము పెరిగినకొలది బండలు వెలవెలబోయి, చివరకు పసిడి వెలుగులో కలిసిపోయినవి. ఇది కేవలము కల్పన కాదు. కంటికిని కొండకును నడుమనున్న గాలి, ధూళికణములు, నీటి తుంపరలు సూర్యకాంతిని నలుదెసల చెదరగొట్టును. దీనినే పరిక్షేపణము అందురు. కొండ ఎంత దూరమున నున్నచో నడుమ గాలి అంత ఎక్కువ; ఆ గాలి వెలుగు కొండ నీడలను అంతగా పలుచన చేయును. ధూళికణములు కాంతిని ఎక్కువగా ముందువైపునకే చెదరగొట్టును గనుక, సూర్యునివైపు చూచునపుడు ఈ వెలుగు మరింత హెచ్చు. అయితే దృశ్యములను ఉన్నదానికంటె ఘనముగా చూపునని బీర్‌స్టాట్‌పై ఆ కాలముననే విమర్శ కలదు.

కుడివైపున ఎల్ కపిటాన్ అను గ్రానైటు కొండ నిలిచియున్నది. లోయ నేలనుండి దాని ఎత్తు సుమారు 3,000 అడుగులు. గోడలు నిట్టనిలువు, నేల మాత్రము చదును. ఇట్టి ఆకారము ఎట్లు వచ్చినది? లోయ అడుగుభాగము క్రుంగిపోయినదని భూవిజ్ఞాని జోసయ్య విట్నీ చెప్పెను. హిమానీనదములు, అనగా మెల్లగా కదలు మంచుప్రవాహములు, దానిని చెక్కినవని జాన్ మ్యూయర్ 1871లో వాదించెను. నది మొదట కోసిన లోయనే హిమానీనదములు లోతుగను వెడల్పుగను చేసినవని ఫ్రాన్సువా మథెస్ 1930లో వివరముగా చూపెను. మంచు తొలగిన పిమ్మట చేరిన ఇసుక, ఒండ్రు నేలను చదును చేసినవి. కారణము తేలకముందే చిత్రకారుడు ఆకారమును పట్టుకొనెను.

కాని చిత్రములో మనుష్యుడొక్కడును కానరాడు. ఇచ్చట సాక్షి మౌనము వహించినాడు. ఆ లోయ అవానీచీ అను జాతివారి నివాసము. 1851లో సాయుధదళము ప్రవేశించి వారి ఇండ్లను తగులబెట్టి వారిని తరిమివేసెను. కొందరు తరువాత తిరిగివచ్చిరి. వారు అప్పుడప్పుడు గడ్డికి నిప్పు పెట్టుచు, ఆహారమునకై ఓక్ చెట్లను కాపాడుచు ఉండుటచేతనే లోయలో తెరపి పచ్చికబయళ్లు నిలిచినవి. ఆ మంటలు ఆగిన పిమ్మట పైన్ మొదలగు చెట్లు ఆ బయళ్లను ఆక్రమింపసాగెను. మానవస్పర్శ ఎరుగనిదిగా చిత్రములో తోచు ఆ నేల కొంతవరకు మానవుల పెంపకమే.

కావున ప్రకృతిచిత్రమును తరగతిలో చూపునపుడు, అందులో ఏమున్నదని అడిగిన ఉపాధ్యాయుడు, ఏమి లేదని కూడ అడుగవలెను. రెండవ ప్రశ్నకు సమాధానము చట్రము వెలుపల వెదకవలసియుండును.