బూజు దాణాకు ప్రోబయోటిక్ విరుగుడా?

బూజు పట్టిన మొక్కజొన్నలో గుప్పెడు ప్రోబయోటిక్ పొడి కలిపితే పందులకు ఏమీ కాదన్న మాట పెంపకందారుల మధ్య వినిపిస్తూ ఉంటుంది. మంచి బాక్టీరియా పొట్టకు మేలు చేస్తుంది కనుక, పొట్టలోకి పోయిన విషం సంగతి కూడా అదే చూసుకుంటుందని ఆశ. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ కొంత నిజాన్నే పట్టుకుని పాడైన దాణాను పందులకు పెట్టడం వల్ల నష్టం జరుగుతోంది.

బూజు వేరు, బూజు వదిలిన విషం వేరు. గింజలను ఎండబెట్టినా, దులిపినా, ఉడికించినా బూజు చావవచ్చు గాని అప్పటికే గింజలోకి దిగిన విషం పోదు. ఈ విషాల్లో ఒకటైన అఫ్లాటాక్సిన్ మరిగే నీటి వేడికి చెక్కుచెదరదు. పైగా ఈ విషాలు ఒక రకం కావు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోవడానికి కారణం వేరుశనగ చెక్కలోని అఫ్లాటాక్సిన్. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. జియరలెనోన్ ఒంట్లో ఈస్ట్రోజన్ హార్మోన్‌లా పనిచేసి, ఎద వయసు రాని ఆడ పందుల్లో సైతం జననాంగం ఉబ్బేలా చేస్తుంది. డియాక్సినివలెనాల్ ఉన్న దాణాను పందులు సరిగా మేయవు, మోతాదు పెరిగితే వాంతులు చేసుకుంటాయి. ఫ్యుమోనిసిన్ వల్ల పందుల ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఓక్రాటాక్సిన్ మూత్రపిండాలను చెడగొడుతుంది. వీటి రసాయన నిర్మాణాలు ఒకదాన్ని ఒకటి పోలవు. అన్నిటికీ ఒకే పొడి విరుగుడు ఎలా అవుతుంది?

బాక్టీరియా పనిచేసే దారులు రెండు. మొదటిది విషాన్ని తన గోడకు అంటించుకోవడం. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అనే రకం అఫ్లాటాక్సిన్‌ను ఇలా పట్టుకుంటుందని ప్రయోగశాలల్లో తేలింది. అయితే వేడిచేసి చంపిన బాక్టీరియా కూడా అంతే బాగా పట్టుకుంది. అంటే ఈ గుణం బాక్టీరియా బతికి ఉండటం వల్ల వచ్చింది కాదు. ఆ పట్టు కూడా గట్టిది కాదు, కడిగితే కొంత విషం ఊడివస్తుంది. రెండో దారి విషం నిర్మాణాన్నే మార్చేయడం. అసలైన విజయం ఇక్కడ ఉంది. ఆవు పొట్ట నుంచి వేరుచేసిన బీబీఎస్‌హెచ్ 797 అనే బాక్టీరియా డియాక్సినివలెనాల్‌లోని కీలకమైన ఎపాక్సైడ్ వలయాన్ని తెరిచి, దాన్ని ఏమంత హాని చేయని పదార్థంగా మారుస్తుంది. 2013లో యూరోపియన్ యూనియన్ దీన్ని పందుల దాణాకు అనుమతించింది. కానీ ఈ బాక్టీరియా అఫ్లాటాక్సిన్‌కు విరుగుడు కాదు. ఫ్యుమోనిసిన్‌కు వేరే ఎంజైమ్ కావాలి. బెంటొనైట్ మట్టి అఫ్లాటాక్సిన్‌ను బాగా పట్టుకుంటుంది, డియాక్సినివలెనాల్ మీద మాత్రం దాదాపు పనిచేయదు.

"మా పందులు ప్రోబయోటిక్ వేశాక బాగా మేస్తున్నాయి, పారుడు తగ్గింది" అని ఎవరైనా అంటే, అది అబద్ధం కానక్కరలేదు. కొన్ని రకాల బాక్టీరియా పేగు పొరకు నిజంగానే మేలు చేస్తాయి. కానీ పేగు కుదుటపడినంత మాత్రాన రక్తంలోకి చేరిన విషం పోయినట్టు కాదు. ఓక్రాటాక్సిన్ పంది రక్తంలో రోజుల తరబడి నిలుస్తుంది, మూత్రపిండాల్లో పేరుకుంటుంది, ఆ మాంసం తినే మనిషికీ చేరుతుంది. పైకి హుషారుగా కనబడే పందిని చూసి నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

డబ్బు పెట్టి కొన్న దాణాను పారబోయాలా అన్న బాధ న్యాయమైనదే. అయినా తాను అనుమతించిన విరుగుళ్లను కూడా యూరప్ పరిమితిలోపు ఉన్న దాణాలోనే కలపమంటుంది, పరిమితి దాటిన సరుకును చెలామణీ చేసుకోవడానికి కాదు. పందుల దాణాలో డియాక్సినివలెనాల్ కిలోకు 0.9 మిల్లీగ్రాములు, పందిపిల్లల దాణాలో జియరలెనోన్ 0.1 మిల్లీగ్రాము దాటకూడదని అక్కడి సూచన. దాణాలో విషం ఎంతుందో తేల్చే పరీక్ష మనకు అందనిదేమీ కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్‌కు తక్కువ ఖర్చుతో అయ్యే ఎలైజా పరీక్షను ఎప్పుడో రూపొందించింది. అంతకంటే చవకైనది, మొక్కజొన్నలో తేమ 13 శాతానికి దిగేదాకా ఎండబెట్టి నిల్వచేయడం.

ప్రోబయోటిక్ అమ్మేవాళ్లను ఇది ఏ బాక్టీరియా, ఏ విషం మీద పనిచేస్తుంది, పందుల్లోనే పరీక్షించారా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే కొనకండి. బూజు పట్టిన గింజను సూడి పందులకు, పందిపిల్లలకు మాత్రం ఏ పొడి కలిపినా పెట్టకండి.