ధ్యానారామ స్థాపనలో స్థలనిర్ణయం: వినయ నియమాలు, తొట్లకొండ నిర్మాణం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బౌద్ధ ధ్యానారామాలు ఊరికి దూరంగా, కొండలపై వెలియడాన్ని లోకవిముఖతకు గుర్తుగా భావించడం పరిపాటి. వినయపిటకంలోని నివాస నియమాలను, విసుద్ధిమగ్గంలోని విహారదోషాలను విశాఖ తీరంలోని తొట్లకొండ అవశేషాలతో కలిపి చదివినప్పుడు ఈ భావన నిలవదు. ఏకాంతానికయ్యే భారాన్ని ఎవరు, ఎంతవరకు మోయాలన్నదే ఆరామస్థాపనలోని మూలసమస్య అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వర్షావాసం, సేనాసనం, విహారదోషాలు, బుద్ధఘోషుడు, తొట్లకొండ, విపశ్యన.

1. ప్రవేశిక

తెలుగునేల మీది బౌద్ధక్షేత్రాల పేర్లలో 'కొండ' అన్న మాట తరచుగా వినిపిస్తుంది. తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ, బొజ్జన్నకొండ ఇందుకు ఉదాహరణలు. (నాగార్జునకొండ పేరు కొండదే అయినా అక్కడి విహారాలలో అధికభాగం లోయలోనే ఉండేవి.) సంసారాన్ని విడిచిన భిక్షువులు జనావాసాలను కూడా విడిచి కొండలెక్కారని ఈ పేర్లను చూసి నిర్ధారించడం తేలిక. కాని భిక్షుజీవనాన్ని నియంత్రించిన నియమాలు ఆ నిర్ధారణకు అడ్డువస్తాయి. భిక్షువు నేల తవ్వరాదు. ఆహారాన్ని మరునాటికి దాచుకోరాదు. ఒకరు చేతికి అందించినదే, అదీ మధ్యాహ్నం దాటకుండా, భుజించాలి. ఈ కట్టుబాట్లున్నవాడు ఊరికి ఎంత దూరం పోగలడు? ఉదయం పాత్ర పట్టుకొని బయలుదేరి, ఎండ ముదరకముందే తిరిగి రాగలిగినంత దూరమే పోగలడు. ఏకాంతాన్ని కోరేవాడు ప్రతిదినమూ ఊరిమీద ఆధారపడవలసిందే. ధ్యానారామాన్ని ఎక్కడ స్థాపించాలన్న ప్రశ్న ఈ వైరుధ్యం నుండే పుట్టింది.

2. నివాసం లేని సంఘం

తొలినాళ్ల సంఘానికి కట్టడాలు లేవు. చెట్ల మొదళ్లు, గుహలు, కొండచరియలు, శ్మశానాలు, గడ్డివాములే భిక్షువుల నివాసాలు. తెల్లవారుజామున అడవి నుండి వస్తున్న భిక్షువులను చూసిన రాజగృహ శ్రేష్ఠి ఒకడు నివాసాలు కట్టించి ఇస్తానని ముందుకు రావడం, బుద్ధుడు అయిదు రకాల నివాసాలను అనుమతించడం, ఆ శ్రేష్ఠి ఒక్కరోజులోనే 60 కుటీరాలు కట్టించడం చుల్లవగ్గంలోని సేనాసన ఖంధకంలో ఉన్నాయి. అంటే కట్టడం సంఘం కోరిక మీద కాక గృహస్థుని చొరవతో మొదలైంది.

వర్షావాసం కూడా బయటివారి ఆక్షేపణ ఫలితమే. వానాకాలంలో కూడా తిరుగుతూ పచ్చగడ్డిని, చిన్న ప్రాణులను తొక్కుతున్నారని జనం తప్పుపట్టిన తరువాతనే మూడు నెలలపాటు ఒకచోట ఉండాలన్న నియమం ఏర్పడిందని మహావగ్గం చెబుతుంది. ఆ మూడు నెలలు ఆరుబయటనో, చెట్టు తొర్రలోనో గడపడానికి వీలులేదు. పశువుల మందతోనో, బిడారుతోనో, పడవలోనో ఉండవచ్చు. ఇంతకంటె గమనించదగినది మరొకటుంది. వర్షావాసం మధ్యలో ఆశ్రయమిచ్చిన గ్రామం దొంగల వలన వేరొకచోటికి తరలిపోతే భిక్షువులు ఆ గ్రామం వెంట పోవచ్చునని అనుమతి ఉంది. స్థలం కంటె ఆ స్థలాన్ని పోషించే జనమే ముఖ్యమని వినయకర్తలు స్పష్టంగా గుర్తించారనడానికి ఇది చాలు.

బింబిసారుడు వేణువనాన్ని దానం చేయడానికి ముందు ఎటువంటి చోటు తగినదని ఆలోచించినట్లు మహావగ్గం వర్ణిస్తుంది. ఆ చోటు ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ చేరువా కాకూడదు. రాకపోకలకు అనువుగా ఉండాలి. పగలు రద్దీ, రాత్రి సద్దు లేకుండా ఉండాలి. శ్రావస్తిలో అనాథపిండికుడు జేతవనాన్ని ఎంచుకొన్నప్పుడు కూడా ఇదే ఆలోచన పునరుక్తమవుతుంది. ఈ ఆలోచన చేసినవారిద్దరూ దాతలు. రావలసింది వారే కనుక రాకపోకల సౌకర్యం వారి లెక్కలో ముందే చేరింది. ధ్యానం చేసేవాని దృష్టితో మాత్రమే ఈ నియమాన్ని వ్యాఖ్యానించేవారు ఈ సంగతిని వదిలివేస్తున్నారు. అరణ్యవాసి నివాసం సైతం ఊరికి కనీసం 500 ధనువుల దూరంలో ఉంటే చాలు. అది నేటి లెక్కలో దాదాపు ఒక కిలోమీటరు.

3. ఆళవి ఉదంతం

ఆరామస్థాపన సమాజానికి ఎలా భారమవుతుందో చెప్పే కథ సంఘాదిసేస నియమాలలో ఆరవదానికి నేపథ్యంగా ఉంది. ఆళవి భిక్షువులు దాతలు లేకుండానే, కొలతంటూ లేకుండా తమకోసం కుటీరాలు కట్టుకోసాగారు. మనిషిని ఇమ్మని, ఎద్దును ఇమ్మని, బండి, గొడ్డలి, పార ఇమ్మని ఊరంతా యాచించారు. విసిగిన జనం భిక్షువు కనబడితే దారి మార్చేవారు, తలుపులు మూసుకొనేవారు. చివరకు ఆవులను చూసి కూడా భిక్షువులనుకొని పారిపోయేవారట. ఆ ఊరికి భిక్షకు వచ్చిన మహాకాశ్యపుడు ఈ మార్పును గమనించడంతో విషయం బుద్ధుని దాకా పోయింది.

ఈ కథలో హాస్యం ఉంది. అంతకుమించి ఒక సంస్థ తన పోషకులను ఎలా పోగొట్టుకుంటుందో అన్న భయం ఉంది. ఫలితంగా వచ్చిన నియమం కచ్చితమైనది. సొంతంగా యాచించి కట్టుకొనే కుటీరం సుగతుని జాన కొలతలో 12 జానల పొడవు, 7 జానల వెడల్పు మించరాదు. స్థలాన్ని ఇతర భిక్షువులు వచ్చి చూసి ఆమోదించాలి. అక్కడ చీమలు, చెదలు, పాములు వంటి ప్రాణుల నెలవులు ఉండకూడదు. అది పంటచేలకో, వధ్యస్థలానికో, రహదారికో ఆనుకొని ఉండకూడదు. కాడి కట్టిన బండి చుట్టూ తిరగగలిగినంత ఖాళీ ఉండాలి. ఈ నిబంధనలలో ధ్యానపద్ధతి ప్రస్తావన ఎక్కడా లేదు. ఇవన్నీ పొరుగువారితో, పొరుగు ప్రాణులతో తగవు రాకుండా చూసేవే.

4. బుద్ధఘోషుని దోషపట్టిక

క్రీ.శ. అయిదవ శతాబ్దంలో అనురాధపురంలోని మహావిహారంలో విసుద్ధిమగ్గాన్ని రచించిన బుద్ధఘోషుడు తెలుగు ప్రాంతంవాడని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఆ చర్చ ఎలా తేలినా, సమాధిసాధనకు పనికిరాని విహారాల గురించి ఆయన చెప్పిన 18 దోషాలు చాలా విహారాలను దగ్గరగా చూసినవాని అనుభవంలా ఉంటాయి. విహారం పెద్దదైతే పలురకాల మనస్తత్వాలవారు చేరి చేయవలసిన పనులు ఒకరిమీదికి ఒకరు నెట్టుకుంటారు. దారి పక్కనుంటే రాత్రీ పగలూ అతిథులు. కూరాకు దొరికేచోటికి ఆకు కోసుకొనే స్త్రీలు పాడుకుంటూ వస్తారు. పొలాల పక్కనుంటే రైతులు విహారంలోనే కళ్లం చేస్తారు. ఆవులు, చేలు, నీటి విషయంలో తగాదాలు పుడతాయి. ప్రసిద్ధి పొందిన విహారమైతే అక్కడున్నవాడు అర్హంతుడేనని నమ్మి జనం కదలనివ్వరు.

ఈ పట్టికలో స్థాపకులకు నేరుగా తగిలేది కొత్త విహారమన్న దోషం. కొత్త విహారంలో నిర్మాణపు పని తెగదు, చేయనివాడు నిందపడతాడు. ధ్యానం కోసం ఆరామాన్ని స్థాపించేవానికి ఆ స్థాపనే ధ్యానవిఘ్నం. బుద్ధఘోషుడు దీనికి ఒక మినహాయింపు చూపాడు. నీవు సాధన చేసుకో, పని మేము చూసుకుంటామని తక్కినవారు అంటే అక్కడ ఉండవచ్చు. ఒకని ఏకాంతం వెనుక వేరొకరి శ్రమ ఉన్నదని ఒప్పుకోవడమే ఈ మినహాయింపు.

5. తొట్లకొండ

విశాఖపట్నం నుండి భీమునిపట్నం వైపు సాగే తీరమార్గంలో, సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున తొట్లకొండ ఉంది. రాష్ట్ర పురావస్తుశాఖ 1988లో మొదలుపెట్టిన తవ్వకాలలో మహాస్తూపం, చిన్న స్తూపాలు, చైత్యగృహాలు, స్తంభాల మంటపం, దాదాపు 70 గదులున్న విహారాలు, వంటశాల, భోజనశాల, రాళ్లు పరచిన బాటలు బయల్పడ్డాయి. బ్రాహ్మీ శాసనాలు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా లభించాయి. క్రీస్తుపూర్వపు చివరి శతాబ్దాల నుండి క్రీస్తుశకపు తొలి శతాబ్దాల వరకు ఇక్కడ సంఘం నివసించింది.

బుద్ధఘోషుడు దీనికి తరువాతివాడు కనుక ఆయన పట్టికను చూసి ఈ కొండను ఎంచుకోలేదన్నది స్పష్టం. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టడం ప్రయోజనకరం. రేవుకు చేరువగా ఉండడం ఆయన చెప్పిన 18 దోషాలలో ఒకటి. ఓడలవాళ్లు నిత్యం వచ్చి, చోటివ్వండి, అది ఇవ్వండి, ఇది ఇవ్వండని వేధిస్తారని ఆయన వివరణ. తొట్లకొండ ఎదుట ఉన్నది సముద్రం. మట్టిలో దొరికినవి రోమన్ నాణేలు. ఈ తీరపు విహారాలను స్థాపించినవారు తీరవాణిజ్యం నుండి తప్పుకోలేదు. దానికి ఎదురుగా, కాని పైన, నిలిచారు. కొండ ఎత్తు ఇక్కడ జల్లెడలా పనిచేసింది. స్తూపదర్శనానికో, దానానికో సంకల్పించినవాడు ఎక్కి వస్తాడు, దారినపోయేవాడు రాడు. లార్స్ ఫోగెలిన్ తొట్లకొండ పరిసరాలను సర్వే చేసి 2006లో ప్రచురించిన గ్రంథంలో ఏకాంతమనే ఆదర్శానికీ, లౌకికులతో నిత్యసంబంధమనే వాస్తవానికీ మధ్య ఉన్న ఒత్తిడినే ప్రధానంగా చర్చించాడు. వంటశాల, భోజనశాల ఉండడం కూడా ఇటువంటి సూచనే. ఇంతమంది దినమూ కొండ దిగి ఇంటింటికీ తిరగడం కంటె ఆహారమే కొండెక్కి రావడం ఇక్కడ వాడుకగా ఉండి ఉండవచ్చు.

అయితే కొండపై నీరు? దానికి సమాధానమే ఈ కొండ పేరు. వాననీటిని నిలుపుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇక్కడ అనేకం ఉన్నాయి. పొరుగునున్న బావికొండ పేరులోనూ నీటివసతే ఉంది. నీటిరేవు పక్కనున్న విహారం కూడా బుద్ధఘోషుని పట్టికలో దోషమే, ఎందుకంటే నీటికోసం అందరూ అక్కడికే వస్తారు. తొట్లకొండ స్థాపకులు ఊరి చెరువుకు చేరువగా పోలేదు, ఊరి నీటిలో వాటా అడగలేదు. తమమీద కురిసిన వానను తామే పట్టుకొన్నారు. మొత్తం కట్టడంలో స్తూపం కంటె ఈ తొట్లే స్థాపకుల ఆలోచనను ఎక్కువగా వెల్లడిస్తాయి. అనకాపల్లి దగ్గరి శంకరం గ్రామం పేరులో 'సంఘారామం' అన్న మాట మిగిలినట్లు ఇక్కడ మిగలలేదు. సంఘం పోయాక చుట్టుపక్కల జనం గుర్తుపెట్టుకొన్నది తొట్లనే.

6. ఆధునిక కేంద్రాలు

మయన్మారులో పుట్టి, ఊ బా ఖిన్ వద్ద విపశ్యన నేర్చిన సత్యనారాయణ గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చాడు. మొదటి కొన్ని సంవత్సరాలు ధర్మశాలలలో, పాఠశాలలలో, ఎక్కడ చోటు దొరికితే అక్కడ శిబిరాలు జరిగాయి. కట్టడాలు లేని తొలి సంఘపు దశను ఇది గుర్తుచేస్తుంది. 1976లో మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో ధమ్మగిరి కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. ముంబయి నుండి రైలుమార్గంలో 136 కిలోమీటర్లు. కనుమ ఎక్కిన వెంటనే వచ్చే చిన్న పట్టణం. దాని అంచున కేంద్రం. బింబిసారుని కొలతను రైలుబండికి సరిపోల్చితే ఇటువంటి చోటే వస్తుంది.

ఈ కేంద్రాలలో శిబిరానికి రుసుము లేదు. అంతకంటె విశేషం, కనీసం ఒక పదిరోజుల శిబిరం పూర్తిచేసినవారి నుండి మాత్రమే విరాళం స్వీకరించడం. వంట, వడ్డన కూడా అటువంటి పూర్వసాధకులే స్వచ్ఛందంగా చేస్తారు. ఆళవి జనం పారిపోవడానికి కారణమైన బహిరంగ యాచనకు ఇందులో తావులేదు. ప్రయోజనం పొందినవాడే తరువాతివాని ఏకాంతానికి ఖర్చు భరిస్తాడు.

హైదరాబాదులోని ధమ్మఖేత్తం కూడా 1976 నాటిదే. నాగార్జునసాగర్ రహదారిపై, అప్పటికి నగరం వెలుపల, దానిని నెలకొల్పారు. నేడు అది వనస్థలిపురం పరిసరాల జనసమ్మర్దం నడుమ ఉంది. గ్రామం తరలిపోతే ఏమి చేయాలో చెప్పిన వినయం, నగరమే ఆరామం మీదికి తరలివస్తే ఏమి చేయాలో ఊహించలేదు. తరువాతి కాలంలో నాగార్జునసాగర్ వద్ద ధమ్మ నాగజ్జున కేంద్రం ఏర్పడింది.

పల్లెప్రాంతంలో కొత్తగా ధ్యానకేంద్రం స్థాపించదలచినవారు సాధారణంగా భూమి ధర, దారి, కరెంటు చూస్తారు. పొలాల మధ్య కొన్న భూమికి కోతల కాలపు యంత్రాల చప్పుడు, జాతర మైకులు, పురుగుమందు గాలి తప్పవు. వాటిని ఊరివారి తప్పుగా కేంద్రం ఎంచితే, బుద్ధఘోషుడు చెప్పిన పొలపు తగాదా మొదటి ఏడాదే మొదలవుతుంది. నీటి విషయం ఇంకా సున్నితం. ఒకేసారి వందమంది ఉండే కేంద్రానికి వేసే లోతైన బోరు పక్క రైతు బోరులోని నీటిమట్టాన్ని దించవచ్చు. తొట్లకొండ తొట్లు నింపుకొన్నది కొండమీద కురిసిన వానను మాత్రమే. కింది ఊరి బావుల నుండి అవి ఏమీ తీసుకోలేదు.