చింతమానుకు ఎంత మిషను?

మొండి మానును కోయాలంటే పెద్ద రంపం మిషను కావాలి. నిజమే. కానీ ఎంత పెద్దది? ఇంజను ఒక్కటీ పెద్దదైతే చాలా? అసలు ఆ మానును కోయాల్సిందేనా? కరవు సీమలో ఈ మూడు ప్రశ్నలకూ జవాబు తెలుసుకున్నాకే దుకాణం మెట్లెక్కాలి.

వేసవి చివర్లో ఒక సాయంత్రం. నాలుగు చినుకులు పడ్డాయో లేదో, గాలి మాత్రం ఊరిని ఊపేసింది. తెల్లారి చూస్తే కళ్లం గట్టునున్న చింతమాను దారికడ్డంగా పడి ఉంది. కబురు పంపితే ఒకతను మోటారు సైకిలు మీద రంపం మిషను పెట్టుకుని వచ్చాడు. తాడు లాగాడు. ర్ర్ర్‌మని మొదలెట్టి గంటలో కొమ్మలన్నీ కోసి పడేశాడు. మొదలు దగ్గరకొచ్చేసరికి మాత్రం మిషను మూలిగింది. పొగ కమ్మింది. గొలుసు చెక్కలో ఇరుక్కుని ఆగిపోయింది.

‘‘ఏమన్నా, కోస్తాదా?’’

‘‘యాడ కోస్తాదిన్నా! దీనికి ఇంకా పెద్ద మిషను కావల్ల.’’

అనంతపురం జిల్లా పల్లెల్లో ఈ మాటలు కొత్తేమీ కాదు. గొడ్డలితో, ఇద్దరు లాగే రంపంతో రోజంతా తంటాలు పడిన పనిని చేతి మిషను నిమిషాల్లోకి తెచ్చేసింది. దాంతో కలప కోసేవాళ్లకే కాదు, తోటలున్న రైతులకూ అది అవసరమైపోయింది. ఇబ్బందల్లా ఎంపిక దగ్గరే. చిన్నది కొంటే మాను ముందు ఓడిపోతుంది. పెద్దది కొంటే డబ్బుకు డబ్బు, బరువుకు బరువు!

ఇనుములాంటి చెక్క

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మెట్టభూమి ఇది. చింత, తుమ్మ, వేప, నారయేపి... ఈ నేలను నమ్ముకుని నిలిచిన చెట్లలో చాలావాటిది గట్టి చెక్కే. వీటిలో నారయేపి సంగతి మరీ విచిత్రం. ఘనపుటడుగు నీళ్లు 28 కిలోలు తూగితే, అంతే కొలత ఉన్న నారయేపి చేవ అంతకంటే ఎక్కువ తూగుతుంది. అంటే నీళ్లలో వేస్తే తేలదు, మునుగుతుంది! మన దేశంలో అతి బరువైన కలపల్లో అదొకటి.

ఇక చింత. దాని గట్టితనం తెలియాలంటే మాంసం దుకాణానికి వెళ్తే చాలు. కత్తి దెబ్బలన్నీ ఏళ్ల తరబడి భరించే ఆ మొద్దు చాలాచోట్ల చింతదే. రోకళ్లకూ, పాతకాలపు గానుగలకూ కూడా ఆ చెక్కనే వాడేవారు. చింతలో పోగులు తిన్నగా ఉండవు, ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి. అందుకే అంత తేలిగ్గా చీలదు. మొద్దుకు మేలు చేసిన ఆ గుణమే రంపానికి అగ్నిపరీక్ష. దానికితోడు ముదురు మానుకు లోపల తొర్ర, బెరడులో దుమ్ము, ఎప్పుడో ఎవరో కొట్టిన మేకులు!

సీసీల లెక్క ఇదీ

జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ అనే ఇంజినీరు 1926లో కరెంటుతో నడిచే గొలుసు రంపం తయారుచేశాడు. 1929లో పెట్రోలుది వచ్చింది. వాటిని ఇద్దరు మోయాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్కడే ఎత్తి పట్టుకునే మిషన్లలో అంతకు మించిన బలముంది.

ఆ బలాన్ని మోటారు సైకిలుకు చెప్పినట్టే సీసీల్లో చెబుతారు. స్థూలంగా మూడు తరగతులు అనుకోవచ్చు.

మొదటిది 40 నుంచి 50 సీసీలది. బరువు నాలుగున్నర, అయిదు కిలోలు. బోర్లెండిపోయి మోడువారిన చీనీ తోట తీసేయాలన్నా, కంపచెట్లు కొట్టాలన్నా, కొమ్మలు దించాలన్నా ఇది చాలు. రైతుకు సాధారణంగా కావాల్సింది ఇదే.

రెండోది 60 నుంచి 72 సీసీలది. బరువు ఆరు, ఆరున్నర కిలోలు. వేప, తుమ్మ, నడివయసు చింత మొదళ్లు దీనికి లొంగుతాయి. రోజూ కలప కోసేవాళ్లకు అటు బలం, ఇటు బరువు సరితూగేది ఈ తరగతే.

మూడోది 90 సీసీలు, ఆపైన. ఏడు కిలోలకు పైమాటే. బారు, గొలుసు, పెట్రోలు, ఆయిలు కలిస్తే ఇంకా బరువెక్కుతుంది. ఇంటి ముందు నిలబెట్టుకునే వంద సీసీ బండికి ఎంత హార్స్‌పవరు ఉంటుందో, దీనికీ దగ్గర దగ్గర అంతే ఉంటుంది. ఆ బండి ఇద్దర్ని మోసుకుని వెళ్తుంది. ఈ మిషను బలాన్ని మాత్రం మన రెండు చేతులే ఆపాలి. పెద్ద చింత, నారయేపి మొదళ్లను తరచూ కోసేవాళ్లకే ఇది గిట్టుబాటు.

పురికొసతో కొలవండి

‘పెద్ద బారు వేస్తే పెద్ద చెట్టు తెగుతుంది’ అన్నది చాలామంది చేసే పొరపాటు. గొలుసు తిరిగే పొడవాటి పట్టీనే బారు అంటారు. చిన్న ఇంజనుకు పొడవు బారు వేస్తే ఏమవుతుంది? ఒకేసారి ఎక్కువ పళ్లు చెక్కలో దిగబడతాయి. ఇంజను లాగలేదు. బారు చివరిదాకా ఆయిలు చాలినంత అందదు. క్లచ్ మాడుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. బక్క ఎద్దుకు రెండు నాగళ్లు కట్టినట్టే!

మరి ఎంత బారు కావాలి? దానికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు. కోయబోయే చోట మాను చుట్టూ పురికొస చుట్టండి. వచ్చిన కొలతను మూడుతో భాగిస్తే అడ్డుకొలత రమారమి తెలిసిపోతుంది. పది అడుగుల చుట్టుకొలత ఉన్న చింత అనుకుందాం. అడ్డుకొలత సుమారు 40 అంగుళాలు. దానికి 40 అంగుళాల బారు అవసరం లేదు. రెండు వైపుల నుంచీ కోసుకుంటూ వస్తే 25 అంగుళాలు సరిపోతుంది. 70 సీసీల మిషను ఆ బారును లాగగలదు, కాకపోతే గట్టి చెక్కలో నిదానిస్తుంది. 90 సీసీలదైతే అవలీలగా లాగుతుంది. ఏడాదికి ఒకటో రెండో పెద్ద మానులు కోసేవాడు కాస్త నిదానాన్ని భరిస్తే సరిపోతుంది. వారానికి నాలుగు కోసేవాడే ఆ పై మెట్టు ఎక్కాలి.

పురుగు నేర్పిన పాఠం

ఇంజను ఎంతదైనా చెక్కను కోసేది మాత్రం గొలుసే. ఆ గొలుసు వెనక చిన్న కథ ఉంది. అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు ఉండేవాడు. అప్పట్లో గొలుసు పళ్లు గీసుకుంటూ పోయేవి. పదేపదే పదును పెట్టాల్సి వచ్చేది. 1946లో కట్టెలు కొడుతూ ఉంటే మొద్దులో ఒక పురుగు ఆయన కంట పడింది. అది కర్రను నిలువునా, అడ్డంగా కూడా సునాయాసంగా తొలిచేస్తోంది. దగ్గరగా గమనిస్తే దాని దవడలు కుడికీ ఎడమకూ మార్చి మార్చి కొరుకుతున్నాయి. ఆ దవడల తీరునే ఉక్కులోకి దింపి ఆయన తయారుచేసిన గొలుసు 1947లో బజారులోకి వచ్చింది. ఇవాళ్టి మిషన్లలో తిరిగేవి ఆ గొలుసు వారసులే.

అనంతపురం మానుకు ఎలాంటి పళ్లున్నది మేలు? పదునైన మూలలున్న పళ్లు శుభ్రమైన చెక్కలో వేగంగా కోస్తాయి. కానీ దుమ్ము పట్టిన బెరడు తగిలితే ఆ మూలలు త్వరగా మొండిబారతాయి. మూలలు కాస్త గుండ్రంగా ఉన్న పళ్లు కొంచెం నిదానంగా కోసినా పదును ఎక్కువసేపు నిలుస్తుంది. మన దుమ్ముకూ, ఎండిన కట్టెకూ అవే నయం. దుకాణంలో ‘సెమీ చిజిల్’ అని అడిగితే ఇస్తారు.

పదును తగ్గిందని తెలుసుకోవడమూ సులువే. మిషను కింద రాలేదాన్ని చూడండి. పొట్టు పెళుసులు పెళుసులుగా రాలితే గొలుసు కోస్తున్నట్టు. పిండిలా రాలితే మొండిబారినట్టు. ‘పెద్ద మిషను కావల్ల’ అనుకునేవాళ్లలో కొందరికి నిజంగా కావాల్సింది ఒక గుండ్రటి ఆకురాయి, పది నిమిషాల ఓపిక. అంతే!

బలం పెరిగితే భయమూ ఉండాలి

బలహీనమైన మిషనుతో పెద్ద మానును కోయబోవడం ప్రమాదమే. గొలుసు ఇరుక్కుంటుంది, మనిషి బలం ఉపయోగిస్తాడు, పట్టు తప్పుతుంది. అలాగని బలమైన మిషను భద్రమైనదని కాదు. బారు కొన పైభాగం దేనికైనా తగిలితే మిషను రెప్పపాటులో మనిషి మీదికి ఎగదన్నుతుంది. గొలుసు సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది. తప్పుకునే వ్యవధి ఉండదు. అందుకే చెయిన్ బ్రేకు పనిచేయని మిషను ఎంత చవగ్గా వచ్చినా కొనకూడదు.

పడిపోయిన మాను మరో గండం. నేలకు ఆనిన కొమ్మలు వంచిన విల్లులా బిగుసుకుని ఉంటాయి. కోత పడగానే ఎటు లేస్తాయో తెలియదు. తొర్ర ఉందేమో తెలుసుకోవడానికి ముందు గొడ్డలి మడమతో కొట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే ఆ మాను అనుకున్న వైపు పడుతుందన్న నమ్మకం లేదు. తేనెపట్టు ఉందేమో తలెత్తి చూడటమూ మరవకూడదు. మిషను మోతకు తేనెటీగలు లేస్తే చెట్టు మీదున్నవాడికి దిక్కెవరు?

చెవులూ, చేతులూ కూడా ముఖ్యమే. ఈ మిషన్ల మోత వంద డెసిబెళ్లు దాటుతుంది. రోజూ ఆ అదురు తగిలితే కొన్నేళ్లకు వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు వస్తుంది. అదురు తగ్గించే స్ప్రింగులున్న మిషను, చెవులకు మూతలు, కళ్లద్దాలు, హెల్మెట్, గట్టి బూట్లు... ఇవన్నీ కలిపే బడ్జెట్ వేసుకోవాలి. లుంగీ కట్టుకుని, చెప్పులేసుకుని మిషను పట్టే అలవాటు మనకు కొత్త కాదు. ఇంట్లోవాళ్లు గట్టిగా అడ్డు చెప్పాల్సింది అక్కడే.

కోయడమా? కొమ్మలు దించడమా?

పడిపోయిన మాను సంగతి వేరు. ప్రాణంతో నిలబడిన మాను సంగతి వేరు. విత్తనం వేస్తే చింత కాపుకు రావడానికే ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఆ తర్వాత నీళ్లు పెట్టకపోయినా తరాల తరబడి కాస్తుంది. వేరుశనగ చేతికందని సంవత్సరంలోనూ హిందూపురం మార్కెట్‌కు కరిపులి, ఫ్లవర్ రకాల చింతపండు బస్తాలు వస్తూనే ఉంటాయంటే ఆ చెట్ల చలవే. కలపగా అమ్మితే ఒక్కసారే డబ్బు. కాయకు ఉంచితే ఏటా ఎంతో కొంత. బిడ్డ పెళ్లికో, బోరు అప్పుకో మానును బేరం పెట్టే ముందు ఈ లెక్క ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవాలి.

చట్టం కూడా ఆగి ఆలోచించమనే చెబుతోంది. 2002లో వచ్చిన ‘వాల్టా’ చట్టం ప్రకారం నీళ్లు, నేలతోపాటు చెట్లకూ రక్షణ ఉంది. సొంత పొలంలోదైనా చెట్టు కొట్టాలంటే అధికారుల అనుమతి కావాలి. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి కాబట్టి ముందే కనుక్కోవాలి. చిత్రమేమిటంటే అదే 2002లో ఫిలిప్పీన్స్ దేశం ఏకంగా గొలుసు రంపాల మీదే చట్టం చేసింది. అక్కడ తుపాకీకి ఉన్నట్టే రంపానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి!

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకు 1989లో గిన్నిస్ పుస్తకంలో చోటు దక్కింది. దాని ఊడల్ని వెదురు బొంగుల్లోంచి నేలకు దించి మరీ సాకుతున్నారు. పేరున్న చెట్టుకు అంత సేవ చేస్తాం. పేరులేని చింతకు కనీసం ఒక ప్రశ్న వేయలేమా? ఇంటి మీదికి వంగిందనో, చేనుకు నీడ పడుతోందనో కొట్టేద్దామనుకునే మానుల్లో చాలావాటికి నాలుగు కొమ్మలు దించితే సరిపోతుంది. దానికి 40 సీసీల మిషను చాలు.

కొనేముందు ఒక్కసారి...

* ఏడాదిలో కోసేవాటిలో ఎక్కువగా ఏ లావు ఉంటాయో చూసుకోండి. ఎప్పుడో వచ్చే ఒక్క పెద్ద మాను కోసం పెద్ద మిషను కొనకండి. బాడుగకు పిలవండి.
* ఇంజను తగ్గ బారే వేయించండి.
* గొలుసు, ఫిల్టరు, స్పేర్లు దగ్గరి టౌనులో దొరుకుతాయో లేదో కనుక్కోండి.
* కంపెనీవాళ్లు చెప్పిన పాళ్లలోనే ఆయిలు కలపండి. చాలా మిషన్లకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు. మన దుమ్ముకు ఫిల్టరును రోజూ శుభ్రం చేయాలి.
* దుకాణంలోనే ఎత్తి పది నిమిషాలు పట్టుకుని చూడండి. అక్కడే చేతులు లాగితే చెట్టు దగ్గర ఏం పట్టుకుంటారు?

కళ్లం గట్టున పడిన ఆ చింతమాను సంగతంటారా... పెద్ద మిషను వస్తే అరపూటలో దారి తెరుచుకుంటుంది. కాకపోతే అదే చోట ఒక మొక్క నాటి, మేకలు తినకుండా కంప కట్టి, నాలుగు ఎండాకాలాలు బిందెతో నీళ్లు పోయాలి. ఆ పనికి మాత్రం ఏ కంపెనీవాడూ ఇంతవరకూ మిషను తయారుచేయలేదు!