నైట్ షిఫ్టు ఇంట్లో యుక్తవయసు నిద్ర: ఫోను, జీవ గడియారం, నమ్మకం

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి రాత్రీ పగలూ ఒకటే. సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఒకసారి వెలిగించిన ఫర్నేస్‌ను సాయంత్రం కాగానే ఆర్పేయడం కుదరదు కాబట్టి పని మూడు షిఫ్టుల్లో సాగుతుంది. ఉత్తరాంధ్ర నుంచి, ఇతర తెలుగు ప్రాంతాల నుంచి ఉపాధి కోసం వచ్చి టౌన్‌షిప్ సెక్టార్లలో, చుట్టుపక్కల కాలనీల్లో స్థిరపడిన కుటుంబాల దినచర్య కూడా షిఫ్టుల ప్రకారమే నడుస్తుంది. రాత్రి డ్యూటీ వారంలో తండ్రి పగలు నిద్రపోతారు. పిల్లలు స్కూలు, కోచింగ్ ముగించుకుని తీరిక చేసుకునే సరికి ఆయన డ్యూటీకి బయల్దేరుతారు. రాత్రి పదకొండు దాటాక ఫోను పక్కన పెట్టమని చెప్పే బాధ్యత చాలా ఇళ్లలో తల్లి ఒక్కరి మీదే పడుతుంది.

ఫోను లాక్కోవాలా? నిఘా యాప్ పెట్టాలా? పోనీలే అని వదిలేయాలా? ఈ ప్రశ్నలకు జవాబు వెతికేముందు యుక్తవయసులో శరీరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

వయసుతో మారే గడియారం

మన మెదడులోని హైపోథాలమస్ భాగంలో ఒక జీవ గడియారం ఉంటుంది. ఉదయపు వెలుతురును బట్టి అది రోజూ సరిచేసుకుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్ పెరిగి, శరీరం నిద్రకు సిద్ధమవుతుంది. ఈ గడియారం కణాల స్థాయిలో ఎలా నడుస్తుందో కనుగొన్నందుకే 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్‌లకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

యుక్తవయసులో ఈ గడియారం వెనక్కి జరుగుతుంది. అంటే నిద్ర వచ్చే వేళ, మెలకువ వచ్చే వేళ రెండూ ఆలస్యమవుతాయి. ఈ ఆలస్యం దాదాపు 20 ఏళ్ల వయసులో గరిష్ఠానికి చేరి, తర్వాత నెమ్మదిగా తగ్గుతుందని జర్మనీకి చెందిన టిల్ రోనెబర్గ్ బృందం 2004లో తెలిపింది. కాబట్టి పదహారేళ్ల అబ్బాయికి పది గంటలకే నిద్ర పట్టకపోవడాన్ని మొండితనమనో, ఫోను వ్యసనమనో అనుకోనవసరం లేదు.

అయితే స్కూలు వేళలు ఈ గడియారం కోసం ఆగవు. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. పన్నెండున్నరకు పడుకుని ఆరింటికి లేచే పిల్లలకు దక్కేది అయిదున్నర గంటలే. రోజుకు కనీసం రెండున్నర గంటల లోటు ఆరు రోజుల్లో 15 గంటలవుతుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటే ఆ లోటు కొంత తీరవచ్చు గానీ, గడియారం మరింత వెనక్కి జరిగి సోమవారం లేవడం ఇంకా కష్టమవుతుంది. దీన్నే శాస్త్రవేత్తలు ‘సోషల్ జెట్‌లాగ్’ అంటారు. నైట్ షిఫ్టు నుంచి మార్నింగ్ షిఫ్టుకు మారిన రోజు ఒంట్లో ఎలా ఉంటుందో తెలిసిన తల్లిదండ్రులకు ఈ బాధ కొత్తదేమీ కాదు.

వెలుతురు కంటే బలమైనది

2015లో అమెరికాలో 12 మందిపై జరిగిన ఒక ప్రయోగంలో నిద్రకు ముందు కాగితపు పుస్తకం చదివిన రాత్రులతో పోలిస్తే, వెలిగే తెరపై చదివిన రాత్రుల్లో మెలటోనిన్ తగ్గింది. నిద్ర పట్టడానికి సుమారు 10 నిమిషాలు ఎక్కువ పట్టింది. తెర వెలుతురు ప్రభావం నిజమే గానీ, గంటల తరబడి మేలుకోవడానికి అదొక్కటే కారణం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మరో కారణం స్నేహితులు. ఆవేశాన్ని అదుపు చేసి, ముందుచూపుతో ఆలోచింపజేసే మెదడు ముందుభాగం ఇరవైల మధ్య వరకూ ఎదుగుతూనే ఉంటుంది. మెప్పు, ఉత్సాహం కోరుకునే వ్యవస్థ మాత్రం అంతకంటే ముందే చురుకవుతుంది. మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టీన్‌బర్గ్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో, కంప్యూటర్‌పై కారు నడిపే ఆట ఆడిన కౌమారులు తోటివారు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువ రిస్కు తీసుకున్నారు. పెద్దవారిలో అలాంటి మార్పు కనిపించలేదు. ఫోను వల్ల ఆ తోటివారు అర్ధరాత్రి కూడా పక్కనే ఉన్నట్టవుతుంది.

అలాగని భయపడిపోనక్కర్లేదు. మూడున్నర లక్షలకు పైగా కౌమారుల సమాచారాన్ని పరిశీలించిన అమీ ఓర్బెన్, ఆండ్రూ షిబిల్స్కీ 2019లో చెప్పిన ప్రకారం, పిల్లల మానసిక శ్రేయస్సులో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడినది గరిష్ఠంగా 0.4 శాతమే. ఇది సగటు లెక్క. కొందరు పిల్లలకు నష్టం ఎక్కువగానే జరగవచ్చు. అందుకే ఎన్ని గంటలు చూశారన్న దానితో పాటు నిద్ర, చదువు, ఆట, స్నేహాల్లో ఏది దెబ్బతింటోందో గమనించాలి.

నిఘాకు అందనిది

స్వీడన్‌కు చెందిన హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో ఒక కీలక విషయాన్ని బయటపెట్టారు. పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆరాలు, ఆంక్షల వల్ల తెలిసింది కాదు; పిల్లలు తమంతట తాముగా చెప్పినదే.

దీని ప్రాముఖ్యం ఆపద వచ్చినప్పుడు తెలుస్తుంది. ఫొటోను మార్ఫింగ్ చేసి ఎవరో డబ్బు అడుగుతున్నారనుకుందాం. ‘చెబితే ఫోను లాక్కుంటారు’ అన్న భయం ఉన్న అమ్మాయి నోరు మెదపదు, బెదిరింపు పెరుగుతూ పోతుంది. ‘ఏం జరిగినా ముందు మాకు చెప్పు, తిట్టం’ అన్న మాటను ఇంట్లో ముందే ఇచ్చి నిలబెట్టుకుంటే ఆ రోజే సాయం అందుతుంది. డబ్బు పోయిన సైబర్ మోసాలకు వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. బెదిరింపు సందేశాలను చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోవాలి.

ఇంట్లో చేయగలిగినవి

రాత్రి ఫోన్లన్నీ పడకగదుల బయట ఒకేచోట ఛార్జింగ్ పెట్టవచ్చు. ఈ నియమం పెద్దలకు కూడా వర్తిస్తేనే నిలుస్తుంది. ఉదయం లేవగానే కాసేపు ఎండలో నడిస్తే గడియారం ముందుకు జరుగుతుంది. ఆదివారం లేచే వేళ మిగతా రోజుల కంటే ఒకటి రెండు గంటలకు మించి ఆలస్యం కాకూడదు. షిఫ్టు రోస్టర్ రాగానే, ఆ వారంలో అందరూ కలిసి భోజనం చేయగల పూటలను గుర్తుపెట్టుకోవాలి. మాటలు కలిసేది అక్కడే.

వయసుతో పాటు నియమాలూ మారాలి. పదమూడేళ్ల పిల్లలకు తల్లిదండ్రులు హద్దు గీయవచ్చు. పదహారేళ్ల వారితో కూర్చుని, కారణం చెప్పి ఒప్పందానికి రావాలి. పై చదువులకు వేరే ఊరు వెళ్లిన పంతొమ్మిదేళ్ల వారిపై లొకేషన్ నిఘా కంటే, ఇద్దరికీ వీలైన వేళ మాట్లాడుకునే ఫోను కాల్ మేలు.

ఆటపై అదుపు తప్పడం, మిగతా అన్నిటికంటే ఆటే ముఖ్యమవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం సాధారణంగా ఏడాది పాటు కొనసాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ‘గేమింగ్ డిజార్డర్’గా గుర్తిస్తోంది. అంతదాకా ఆగకుండా, నిద్ర, తిండి, చదువు దెబ్బతింటున్నాయని అనిపించినప్పుడే సలహా తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా, రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చాకైనా, తెలుగు, హిందీ సహా పలు భాషల్లో ఉచితంగా మాట్లాడవచ్చు.