చెరువులో తగ్గితే బాతులు తగ్గినట్టేనా?

భిలాయి నుంచి బెమెతరా వైపు వెళ్తే గిధ్వా, పర్సదా చెరువులున్నాయి. 2021 జనవరి 31 నుంచి మూడు రోజులు అక్కడ పక్షుల పండుగ జరిగింది. చలికాలంలో ఆ నీళ్లకు వచ్చే వలస పక్షుల్లో బూడిదరంగు అడవిబాతు ఒకటి. తల వెనుక రెండు నల్లచారలుంటాయి. పక్షి ప్రియులు దాన్ని బార్ హెడెడ్ గూస్ అంటారు.

ఒక్క చెరువు చూసి ఈ బాతులు పెరిగాయని చెప్పలేం. పక్క చెరువు ఎండిపోయినా ఇక్కడ గుంపు పెద్దదవుతుంది. అందుకే అన్నిచోట్లా ఒకే కాలంలో లెక్కపెట్టాలి. అంతర్జాతీయ నీటిపక్షుల లెక్కింపు 1967లో మొదలైంది. ఆసియాలో 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. పద్ధతి సులువే: గుంపులో ఓ పదింటినో, వందనో లెక్కపెట్టి, అంత జాగా మిగతా గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూస్తారు.

ఇలా ఏళ్ల తరబడి రాసిపెట్టిన లెక్కలే నిజం చెబుతాయి. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో గుడ్లు పెట్టి బ్రిటన్‌లో చలికాలం గడిపే బార్నకిల్ బాతులు 1948లో సుమారు 300 మిగిలాయి. 1950లలో వేట ఆపారు. తర్వాతి దశాబ్దాల్లో అవి 30,000 దాటాయి.

మన బాతు కథ ఇంత సూటిగా లేదు. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర బర్డ్‌ఫ్లూతో వేల పక్షులు చనిపోయాయి. వాటిలో ఈ బాతులే ఎక్కువ. ఆ దెబ్బతో వీటి దారులు తెలుసుకోవాలన్న పట్టుదల పెరిగింది. 2008 డిసెంబరులో ఒడిశాలోని చిలిక సరస్సులోనూ, తమిళనాడులోని కూంతన్‌కుళంలోనూ కొన్నిటికి ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టారు. హిమాలయాలు దాటేటప్పుడు ఒక బాతు 7,290 మీటర్ల ఎత్తుకు వెళ్లినట్టు ఇలాంటి పరికరాల వల్లే తెలిసింది.

మరో సంగతి నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. ఈ బాతులన్నీ హిమాలయాలు దాటవు. 1990లలో దక్షిణ టిబెట్‌లోనే 13,000కు పైగా చలికాలం గడిపేవి. అక్కడి గోధుమ, బార్లీ చేలలో రాలిన గింజలే వాటి తిండి. అక్కడే తిండి దొరికితే మన చెరువుకు వచ్చేవి తగ్గవచ్చు, జాతి మాత్రం పెరుగుతుండవచ్చు. మన లెక్కను టిబెట్ లెక్క పక్కన పెట్టి చూస్తేనే అసలు సంగతి తేలుతుంది.

భిలాయిలోని తెలుగు కుటుంబాలు, ముఖ్యంగా బడిపిల్లలు, వచ్చే జనవరిలో ఒక చెరువును ఎంచుకోండి. ఏటా అదే వారంలో అక్కడికే వెళ్లి లెక్క రాయండి. ఒక్క బాతూ కనిపించకపోతే సున్నా అని రాయడం మరవకండి. పరిశోధకులకు ఆ సున్నా కూడా కావాలి.