మెదడులో చీముగడ్డ

1876లో గ్లాస్గో నగరంలో, నుదుటిపై దెబ్బ తగిలిన ఒక బాలుడికి కొన్నాళ్లకు మూర్ఛలు వచ్చి మాట పడిపోయింది. మెదడు ఎడమభాగాన, వాక్కుకు స్థానమైన చోట చీము చేరిందని శస్త్రవైద్యుడు విలియం మెకెవెన్ నిర్ణయించాడు. ఎక్స్‌రే ఇంకా పుట్టని రోజులవి! పుర్రె తెరవటానికి తల్లిదండ్రులు అంగీకరించలేదు. బాలుడు మరణించాడు. తరువాత తెరిచి చూడగా, చీముగడ్డ ఆయన చెప్పిన చోటనే ఉంది.

1893లో మెకెవెన్ ప్రకటించిన గ్రంథం ప్రకారం, శస్త్రచికిత్స జరిగిన 19 మందిలో 18 మంది జీవించారు. పెనిసిలిన్ లేని కాలంలో ఇది నమ్మశక్యం కాని ఫలితమే.

ఈ చీము తరచు చెవి నుంచే వస్తుంది. ఏళ్ల తరబడి చెవి కారుతున్నా ‘అదే తగ్గుతుందిలే’ అనుకునే ఇళ్లు మనకు కొత్త కాదు. చెవిని మెదడు నుంచి వేరుచేసేది పలుచని ఎముక మాత్రమే. క్రిములు దానిని తొలుచుకుపోగలవు. పుట్టుకతో గుండెలోపం ఉండి ఒళ్లు నీలిబారే పిల్లలకూ ఈ ముప్పు ఎక్కువ.

1970ల నుంచి సి.టి. స్కాన్ గడ్డ ఉనికిని స్పష్టంగా చూపటంతో మరణాలు బాగా తగ్గాయి. నేడు పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సూదితో చీము లాగి, అందులోని క్రిమిని గుర్తించి, సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు మందు ఇస్తారు. కొందరికి గడ్డను పొరతో సహా తొలగించవలసివస్తుంది.

అయినా ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది రోగి ఏ స్థితిలో వచ్చాడన్నదే. స్పృహతో వచ్చినవారిలో అధికులు కోలుకుంటారు, కొందరికి మూర్ఛలు మిగిలినా. గడ్డ మెదడు లోపలి నీటిగదులలోకి పగిలిన తరువాత వచ్చినవారిని కాపాడటం నేటికీ కష్టమే.