బందరు రోడ్డు, ఎడారి రాళ్లు

ఉయ్యూరు చెరుకు తోటల కింద ఉన్నదంతా నల్లమట్టే. ఉలి పట్టేవాడికి కావలసిన రాయి అక్కడ లేదు. అమరావతి స్తూపానికి చెక్కిన సున్నపురాయి కూడా పల్నాడు వైపు నుంచి వచ్చిందే. అయినా అరబ్బీ అక్షరం తెలుగు రాతిని చేరిన కథలో ఉయ్యూరు మీదుగా పోయే బందరు దారికి చోటుంది. గోల్కొండ సుల్తానులకు పెద్ద రేవు బందరే. పర్షియా, అరేబియా తీరాల నుంచి వర్తకులు, పండితులు, లిపికారులు ఈ సీమకు వచ్చిన కాలం అది.

వాళ్ల చేతి పని చూడాలంటే హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరికి వెళ్లాలి. అద్దంలా నునుపు చేసిన నల్లరాతి సమాధుల మీద నస్ఖ్, సులుస్, నస్తలీఖ్ లిపులు వరుసలు తీరి ఉంటాయి. అక్షరం ఉబ్బెత్తుగా కనిపించాలంటే దాని చుట్టూ ఉన్న రాతిని చెక్కి తీసేయాలి. ఉలి ఒక్కసారి జారితే ఆ గీత మళ్లీ అతకదు. ఆ శ్రమ విలువ తెలియాలంటే ఒక్క అక్షరమైనా లేని జంషీద్ సుల్తాను సమాధితో పోల్చి చూడాలి.

ఇంకా వెనక్కి వెళ్తే మరో ముచ్చట.

సౌదీ ఎడారిలోని హెగ్రాలో నబతీయులనే ప్రాచీన జాతివారు ఇసుకరాతి కొండలను తొలిచి సమాధులు కట్టారు. వాటి మీది శాసనాలు క్రీస్తుశకం మొదటి శతాబ్దం నాటివి. నేటి అరబ్బీ లిపికి పుట్టిల్లు ఆ నబతీయ లిపే. ఇంచుమించు ఆ రోజుల్లోనే కృష్ణ ఒడ్డున అమరావతి రాళ్ల మీద దాతల పేర్లు బ్రాహ్మీలో చెక్కుతున్నారు. మన తెలుగు లిపికి మూలం ఆ బ్రాహ్మీ. హెగ్రా చుట్టుపక్కల అల్‌ఉలాలో గాలి, ఇసుక, నీరు కలిసి కొండలను ఏనుగులా, తోరణాల్లా మలిచాయి. అక్కడ మనిషికంటే ముందు శిల్పి ప్రకృతే.

ప్రకృతి శిల్పం, అక్షరం అనే ఈ రెండు వారసత్వాలూ ఇప్పుడు గల్ఫ్ నగరాల కూడళ్లలోకి వచ్చాయి. దోహా జాతీయ మ్యూజియాన్ని వాస్తుశిల్పి జాన్ నువెల్ ఎడారి గులాబీ అనే స్ఫటికం ఆకారంలో కట్టాడు. దుబాయ్ ఫ్యూచర్ మ్యూజియం గోడల మీద మత్తర్ బిన్ లాహెజ్ రాసిన అక్షరాలే కిటికీలు. రెండూ గొప్పవే, కానీ రాతి పని కాదు. రాతిని చూడాలనుకునేవారికి రియాద్‌లో 2019లో మొదలైన తువైక్ శిల్పోత్సవం ఉంది. దేశదేశాల శిల్పులు జనం కళ్ల ముందే రాళ్లు చెక్కుతారు. పూర్తయిన శిల్పాలను నగరంలో నిలబెడతారు.

ఇటు మన మాచర్ల దగ్గర దుర్గిలోనూ నేటికీ ఉలి చప్పుడు వినిపిస్తుంది. ఆ శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అటువంటి శిల్పులను రియాద్ వేదికకు పరిచయం చేసే పనిని గల్ఫ్‌లోని తెలుగు సంఘాలు ఈ ఏడాదే చేపట్టవచ్చు.